మందు మీద మందు: నొప్పి మాత్ర, క్వార్టర్ ఒకే రాత్రి ఒంట్లో పడితే

ఈ ఎపిసోడ్ కొంచెం పొడవు. మధ్యలో ఆపి మళ్ళీ చూసినా పర్వాలేదు గానీ, ఇంట్లో రోజూ నొప్పి మాత్రలు వేసుకునే వాళ్ళు, రోజూ సాయంత్రం తాగే వాళ్ళు ఉంటే, వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకొని చూడండి. ఆ ఇద్దరూ ఒకే మనిషి అయితే ఇంకా తప్పకుండా చూపించండి.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాదు. బీటెక్ చదివి, కొన్నేళ్ళు బెంగళూరులో కోడ్ రాసి, ఇప్పుడు కెమెరా ముందుకు వచ్చినోణ్ణి. కాబట్టి ఈ మాత్ర మానేయండి, ఆ మాత్ర వేసుకోండి అని చెప్పే హక్కు నాకు లేదు. ఒక సిస్టమ్ ఎట్ల పనిచేస్తుంది, ఎక్కడ క్రాష్ అవుతుంది అని విప్పి చూడడం మాత్రం నా పాత పని. ఈరోజు ఆ సిస్టమ్ పేరు కాలేయం. దాంతో పాటు కడుపు, కిడ్నీ కూడా.

మన తెలుగులో ఒక చిక్కుంది చూడండి. మెడికల్ షాపులో దొరికేదీ మందే. వైన్ షాపులో దొరికేదీ మందే. చేనుకు కొట్టేదీ మందే. "మామా, నడుము నొప్పి ఎట్లుంది?" అని అడిగితే, "సాయంత్రం మందు పడితే అదే పోతుంది లే అబ్బోడా" అంటాడు. ఏ మందో మనం అడగం, ఆయన చెప్పడు. చాలాసార్లు రెండూ.

మా పెద్దముడియం వైపు సంగతి తెలిసిన వాళ్ళకు ఇది కొత్త కాదు. నల్లరేగడి నేల, శనగ పంట. శనగ కోతల టైములో పొద్దస్తమానం వంగిన నడుము వంగినట్టే ఉంటుంది. ఇంకొంచెం అవతలికి పోతే జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, సిమెంట్ ఫ్యాక్టరీలు. బండలు లారీకి ఎత్తే మనిషికి నొప్పి అనేది జబ్బు కాదు, కూలి లాగా అది కూడా రోజూ వచ్చేదే. పొద్దున పనికి పోయే ముందు ఒక మాత్ర, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం దిగినాక ఒక క్వార్టర్, పడుకునే ముందు ఇంకో మాత్ర. ఇది తాగుబోతు కథ కాదు. మర్నాడు పనికి లేవాలి కాబట్టి చేసుకునే ఏర్పాటు ఇది. అందుకే "తాగొద్దు నాయనా, మంచిది కాదు" అని చెప్పి చేతులు దులుపుకుంటే ఎవరూ వినరు. వినరని నాకూ తెలుసు.

సరే, అసలు విషయానికి వద్దాం. నొప్పి మాత్రలన్నీ ఒకటి కాదు. తాగుడుతో కలిసినప్పుడు ఒక్కో రకం ఒక్కో చోట దెబ్బ కొడుతుంది.

మొదట పారాసిటమాల్. డోలో, క్రోసిన్, కాల్పాల్, పేరు ఏదైనా లోపల సరుకు ఇదే. కరోనా టైములో డోలో 650 ఎంత పాకిపోయిందో గుర్తుంది కదా. ఇది నిజానికి మంచి మందు. కడుపును పెద్దగా ఇబ్బంది పెట్టదు. మన ఒంట్లో పడిన పారాసిటమాల్‌లో ఎక్కువ భాగాన్ని కాలేయం రెండు మామూలు దారుల్లో శుభ్రం చేసి మూత్రంలోకి పంపించేస్తుంది. కొంచెం భాగం మాత్రం మూడో దారిలో పోతుంది. ఆ దారిలో సీవైపీ2ఈ1 అనే ఎంజైమ్ కూర్చొని ఉంటుంది. అది పారాసిటమాల్‌ని ఒక విషంగా మారుస్తుంది. ఆ విషం పేరు ఎన్ఏపీక్యూఐ. భయపడకండి, మామూలు మోతాదులో ఆ విషం పుట్టిన వెంటనే గ్లూటాథయోన్ అనే పదార్థం వచ్చి దాన్ని పట్టుకొని తీసుకుపోతుంది. మా భాషలో చెప్తే, చెత్త పుట్టే ప్రాసెస్ ఒకటి, చెత్త ఊడ్చే ప్రాసెస్ ఒకటి, రెండూ పక్కపక్కన నడుస్తుంటాయి. ఊడ్చేది ముందుంటే సిస్టమ్ నడుస్తుంది. వెనకబడితే చెత్త పేరుకొని కాలేయం కణాలు చచ్చిపోతాయి.

ఇప్పుడు దీంట్లోకి రోజువారీ తాగుడు వస్తే ఏమవుతుంది? ఆ సీవైపీ2ఈ1 ఎంజైమే ఆల్కహాల్‌ని కరిగించే పనిలో కూడా ఉంటుంది. రోజూ తాగే మనిషి ఒంట్లో ఆ ఎంజైమ్ పెరుగుతుంది. అంటే చెత్త పుట్టించే మిషన్లు ఎక్కువైనాయి. ఇంకోపక్క సరిగా తినకపోతే గ్లూటాథయోన్ తగ్గుతుంది. అంటే ఊడ్చే వాళ్ళు తగ్గినారు. తాగే వాళ్ళు రాత్రి అన్నం సరిగా తినరు, ఇంట్లో ఆడవాళ్ళని అడగండి చెప్తారు. కంచం ముందు పెట్టుకొని రెండు ముద్దలు తిని పక్కకు ఒరుగుతారు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది, నన్ను బాగా ఆశ్చర్యపరిచిన సంగతి. ఒంట్లో ఆల్కహాల్ ఉన్నంతసేపు ఆ ఎంజైమ్ దాంతోనే బిజీగా ఉంటుంది, పారాసిటమాల్ జోలికి అంతగా పోదు. ఆల్కహాల్ దిగిపోయినాక మిషన్లన్నీ ఖాళీ. అప్పుడు పారాసిటమాల్ దొరికితే ఎక్కువ విషం తయారు చేస్తాయి. అంటే రోజూ తాగే మనిషికి తాగిన రాత్రి కంటే మర్నాడు పొద్దున, తల పగిలిపోతోందని ఖాళీ కడుపున రెండు డోలోలు వేసుకుంటాడే, ఆ పూట ఎక్కువ జాగ్రత్తగా ఉండాల. "నేను తాగినప్పుడు మాత్ర వేసుకోనప్పా, పొద్దున్నే వేసుకుంటా" అనేది మనం అనుకున్నంత తెలివైన పని కాదన్నమాట. బెంగళూరులో శనివారం పొద్దున సగం ఫ్లాట్లలో జరిగేది కూడా ఇదే.

అట్లని అబద్ధం చెప్పి భయపెట్టను. ఎప్పుడో పెళ్ళిలో రెండు పెగ్గులు తాగిన ఆరోగ్యవంతుడు, మర్నాడు ఒక డోలో వేసుకున్నంత మాత్రాన కాలేయం పోదు. సమస్య రోజూ తాగడం, మోతాదు దాటడం, తిండి లేకపోవడం, ఈ మూడూ ఒకే మనిషిలో కలిసినప్పుడు. మా వైపు ఈ మూడూ కలవడం చాలా సులువు.

దీని మీద అమెరికాలో ఒక పెద్ద కేసు నడిచింది. ఆంటోనియో బెనెడి అని, పెద్ద బుష్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు వైట్‌హౌస్‌లో పనిచేసిన మనిషి. కూలివాడు కాదు, తిండికి లేనివాడు కాదు. రాత్రి భోజనంతో వైన్ తాగే అలవాటు. 1993లో ఫ్లూ వచ్చి కొద్ది రోజులు టైలినాల్ వేసుకున్నాడు. టైలినాల్ అంటే అక్కడి పారాసిటమాల్. కాలేయం పాడై కోమాలోకి పోయాడు, కాలేయ మార్పిడి చేస్తే గానీ బతకలేదు. డబ్బా మీద తాగేవాళ్ళకు హెచ్చరిక ఎందుకు రాయలేదని కంపెనీ మీద కోర్టుకు పోయాడు. 1994లో వర్జీనియాలో జ్యూరీ ఆయనకు సుమారు 88 లక్షల డాలర్లు ఇవ్వమంది. తర్వాత 1998లో అమెరికా ఎఫ్‌డీఏ ఒక నియమం తెచ్చింది. ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మే నొప్పి మాత్రల మీద, రోజూ మూడు లేక అంతకంటే ఎక్కువ డ్రింకులు తాగేవాళ్ళు ముందు డాక్టర్ని అడగండి అని రాసి తీరాలి. పారాసిటమాల్‌కి కాలేయం గురించి, ఐబుప్రోఫెన్ లాంటి వాటికి కడుపులో రక్తస్రావం గురించి.

మూడు డ్రింకులు అంటే ఎంత? ఇది ఎవరూ లెక్క కట్టి చెప్పరు, నేను కడతా. మన క్వార్టర్ 180 మిల్లీలీటర్లు. విస్కీ, బ్రాందీ అయితే సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. అంటే అందులో సుమారు 77 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్, తూకంలో 60 గ్రాములు. అమెరికా లెక్కలో ఒక డ్రింక్ అంటే 14 గ్రాములు. భాగించండి. ఒక్క క్వార్టర్ నాలుగు డ్రింకులు దాటిపోయింది. "నేనేం పెద్దగా తాగను, రోజుకు క్వార్టరే" అనే మనిషి ఆ హెచ్చరిక గీత ఎప్పుడో దాటేసినాడు. 2024 అక్టోబర్ నుంచి మన రాష్ట్రంలో 99 రూపాయలకే క్వార్టర్ దొరుకుతోంది. డోలో పదిహేను మాత్రల స్ట్రిప్ దాంట్లో సగం ధర కూడా ఉండదు. రెండూ అంత చవక.

ఇంకో లెక్క కూడా కట్టాల. పారాసిటమాల్ పెద్దవాళ్ళకు రోజుకు గరిష్ఠంగా 4 గ్రాములు అంటారు. రోజూ తాగే వాళ్ళకు డాక్టర్లు మామూలుగా 2 గ్రాములు దాటొద్దు అంటారు. మన మనిషి ఏం వేసుకుంటున్నాడో చూద్దాం. నడుముకు జీరోడాల్-పి రెండు. ఆ పి అంటే పారాసిటమాల్, ఒక్కోదాంట్లో 325 మిల్లీగ్రాములు, రెండింటికి 650. ఒళ్ళు వెచ్చగా ఉందని డోలో 650 రెండు, 1300. జలుబు చేసిందని సినారెస్ట్ ఒకటి, అందులో 500. మొత్తం 2450. మూడు రకాల మాత్రలు మూడు వేరే వేరే రోగాలకు వేసుకున్నానని ఆయన అనుకుంటాడు. కాలేయానికి మాత్రం ఒకే మందు ఐదు సార్లు వచ్చింది. కాంబిఫ్లామ్‌లోనూ పారాసిటమాల్ ఉంది, అల్ట్రాసెట్‌లోనూ ఉంది.

పోనీ స్ట్రిప్ వెనక చదువుకుంటాడా అంటే, అదంతా చీమ తలకాయంత ఇంగ్లీషు. పైగా మన ఊర్లలో స్ట్రిప్ మొత్తం ఎవరు కొంటారు? "నడుము నొప్పికి రెండు ఇయ్యన్నా" అంటే కత్తెరతో కట్ చేసి, కాగితం కవర్‌లో వేసి ఇస్తారు. పేరు ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. చదువుకున్న పిల్లోడు ఇంట్లో ఉన్నా అది ఏ మాత్రో చెప్పలేడు. నన్ను అడిగితే ఈ ఒక్క అలవాటు మారినా సగం పని అయినట్టే. పేరున్న ముక్కే కట్ చేసి ఇమ్మని అడగండి. ఫోన్లో స్ట్రిప్ ఫోటో తీసుకోండి.

ఇప్పుడు రెండో రకం. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్. ఊర్లో సూది వేయించుకొని "ఒక్క సూదికే పోయింది" అంటారే, అది చాలాసార్లు డైక్లోఫెనాకే. ఇవి నొప్పిని పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లను ఆపుతాయి. బాధేమంటే, కడుపు లోపలి పొరను కాపాడేవి కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. కావలివాణ్ణి పంపించేసి, ఆ తర్వాత ఖాళీ కడుపులో క్వార్టర్ పోస్తే పుండు పడుతుంది, పుండు రక్తం కారుతుంది. ఇది కాలేయం లాగా ఏళ్ళ తరబడి తీసుకోదు, కొందరిలో వారాల్లోనే అయిపోతుంది.

మా వైపు ఒకాయన, ఊరు చెప్పను, బండల పనికి పోయేవాడు. నలభై ఐదు దాటి ఉంటాయి. మోకాలికి, నడుముకు కలిపి నాలుగైదు నెలలు రోజూ నొప్పి మాత్రలు వేసుకున్నాడు, సాయంత్రం తాగుడు ఎట్లాగూ ఉంది. మధ్యలో కడుపులో మంట అంటే ఇంట్లో సోడా తాగించినారు. మలం నల్లగా, తారు లాగా పోతోందని ఆయనకు రెండు వారాలుగా తెలుసు. ఎవరికీ చెప్పలేదు. ఎవరు చెప్తారు, అదొక చెప్పుకునే సంగతా? ఒకరోజు తెల్లవారుజామున రక్తం కక్కుకున్నాడు. ఆటోలో జమ్మలమడుగు, అక్కడి నుంచి అంబులెన్సులో ప్రొద్దుటూరు. రక్తం ఎక్కించి, గొట్టం వేసి చూసి, కడుపులో పుండని చెప్పినారు. బతికినాడు. తర్వాత ఆయన్ని కలిసి మాట్లాడితే ఆయన అన్న మాట ఇది: "నల్లగా పోతే వేడి చేసిందనుకున్న్యా నాయనా, సబ్జా నీళ్ళు తాగినా." మలం నల్లగా, జిగటగా, చెడు వాసనతో పోతే పైనెక్కడో రక్తం కారుతోందని అర్థం కావచ్చు. ఐరన్ మాత్రలకు కూడా నల్లగా పోతుంది, అది వేరే. నొప్పి మాత్రలు వేసుకునే వాళ్ళకు మాత్రం వేడి అనుకొని కూర్చునే టైము లేదు.

ఈ రకం మాత్రలతో రెండో దెబ్బ కిడ్నీకి. ఎండాకాలం మన కడప ఎండ ఎట్లుంటుందో నేను చెప్పాల్సిన పని లేదు. చెమట పట్టి నీరు పోతుంది. ఆల్కహాల్ మూత్రం ఎక్కువ చేయించి ఇంకా నీరు లాగేస్తుంది. అట్లాంటప్పుడు కిడ్నీకి రక్తం అందేటట్టు చూసేది మళ్ళీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే, వాటిని మాత్ర ఆపేసింది. డైక్లోఫెనాక్ కిడ్నీని ఎట్ల దెబ్బ తీయగలదో మనుషుల కంటే ముందు రాబందులు చూపించినాయి. చిన్నప్పుడు పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు కదా, పశువు చచ్చిపోతే ఆకాశం నిండా రాబందులు దిగేవని. ఇప్పుడు ఒక్కటి కనపడదు. పశువులకు డైక్లోఫెనాక్ సూదులు వేసేవాళ్ళు, ఆ పశువు చచ్చిపోతే తిన్న రాబందులు కిడ్నీలు పోయి చచ్చిపోయినాయి. 2006లో భారత ప్రభుత్వం పశువులకు ఆ మందు నిషేధించింది. రాబందు ఒళ్ళు వేరు, మన ఒళ్ళు వేరు, దాని ప్రాణం తీసే మోతాదు మనల్ని ఏమీ చేయదు. కానీ "సూదే కదా, ఏమైతుంది లే" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ ఖాళీ ఆకాశం గుర్తొస్తుంది.

నిమెసులైడ్ గురించి రెండు మాటలు. నైస్ అంటే మనందరికీ తెలుసు, హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ బ్రాండు. ఈ మందు అరుదుగానైనా కాలేయాన్ని దెబ్బ తీస్తుందని ఫిన్లాండ్, స్పెయిన్ 2002లోనే అమ్మకం ఆపినాయి, 2007లో ఐర్లాండ్ కూడా. అమెరికాలో అసలు అనుమతే రాలేదు. మన దగ్గర 2011లో పన్నెండేళ్ళ లోపు పిల్లలకు నిషేధించినారు, 2025 డిసెంబర్ చివర్లో 100 మిల్లీగ్రాములు దాటిన మామూలు మాత్రలను ఆపినారు. తాగే అలవాటున్న మనిషి, కాలేయం అప్పటికే బరువు మోస్తున్న మనిషి, దీన్ని డాక్టర్ చెప్పకుండా అడిగి తెచ్చుకోవడం ఎందుకు?

మూడో రకం అన్నిటికంటే త్వరగా ప్రాణం తీసేది. ట్రమడాల్, టాపెంటడాల్. ఇవి నల్లమందు కుటుంబానికి దగ్గరి చుట్టాలు. ట్రమడాల్‌ని 2018 ఏప్రిల్‌లో మాదక ద్రవ్యాల చట్టం కిందికి తెచ్చినారు. వీటితో పాటు "నరాల మాత్ర" అని ఇస్తారు చూడండి, ప్రీగాబలిన్, అది కూడా ఇక్కడే చెప్పాల. ఇవి మెదడును మగతలోకి దించుతాయి. ఆల్కహాల్ కూడా అదే పని చేస్తుంది. రెండూ కలిస్తే శ్వాస నెమ్మదిస్తుంది, నిద్రలోనే ఆగిపోవచ్చు. పక్కన పడుకున్న వాళ్ళు "బాగా గురక పెడుతున్నాడు, నిద్ర పట్టింది పాపం" అనుకుంటారు. నరాల మాత్ర వేసుకొని, క్వార్టర్ తాగి, రాత్రి పూట జమ్మలమడుగు నుంచి బండి మీద ఊరికి వచ్చే వాళ్ళను నేను చూసినా. వాళ్ళ బండికి ఎదురొచ్చే వాళ్ళ సంగతి కూడా ఆలోచించండి.

మత్తు మీద మత్తు పడితే ఏమవుతుందో తెలుగు నేల మీదే చూసినాం. నొప్పి మాత్ర కాదు గానీ దానికి దగ్గరి సంగతే. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్లు తాగినవాళ్ళు పదుల సంఖ్యలో ఆసుపత్రి పాలయినారు, కొందరు చనిపోయినారు, చాలామందిని నిమ్స్‌లో చేర్చినారు. ఆ కల్లులో అల్ప్రజోలం అనే నిద్రమందు కలిపినట్టు బయటపడింది. అక్కడ ఎవరో వ్యాపారి కలిపినాడు, తాగినవాడికి తెలియదు. మన ఇంట్లో ఆ కలిపే పని మనమే చేసుకుంటున్నాం.

ఇంక ఏం చేయాలని అడిగే వాళ్ళకు. డాక్టర్ దగ్గర, ఆర్ఎంపీ దగ్గర, మెడికల్ షాపులో, ఎక్కడైనా సరే, "నేను రోజూ ఇంత తాగుతా" అని నోరు తెరిచి చెప్పండి. సిగ్గుపడి దాచినందుకు రాసే మందే మారిపోతుంది. భార్య పక్కన ఉందని "అప్పుడప్పుడు సార్" అంటారు, ఆ అప్పుడప్పుడుకు సరిపోయే మందే రాస్తాడు ఆయన. సూది వేసేముందు పొద్దున ఏ మాత్ర వేసుకున్నారో చెప్పండి. మాత్ర ఏదైనా ఖాళీ కడుపున వద్దు.

పారాసిటమాల్ ఎక్కువ పడిందని అనుమానం వస్తే, లక్షణాల కోసం ఎదురు చూడొద్దు. మొదటి రోజు వాంతి, వికారం ఉంటాయి, అవీ లేకపోవచ్చు. రెండో రోజు తగ్గినట్టే ఉంటుంది. మనిషి లేచి కాఫీ తాగుతాడు, ఇంట్లో వాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. మూడో రోజుకు కళ్ళు పచ్చబడతాయి, అప్పటికి లోపల జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. దీనికి విరుగుడు ఉంది, ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అని. ఊడ్చేవాళ్ళు తగ్గినారని చెప్పినా కదా, ఆ గ్లూటాథయోన్‌ని మళ్ళీ తయారు చేయించేది ఇది. ఎనిమిది గంటల లోపు ఇస్తే బాగా పనిచేస్తుంది. ఆలస్యమైందని పోవడం మానొద్దు, అప్పుడు కూడా ఇస్తారు. 108కి ఫోన్ చేయండి, ఖాళీ స్ట్రిప్పులన్నీ కవర్లో వేసుకొని పోండి. కళ్ళు పచ్చబడితే మన వాళ్ళు ముందు పసరు మందుకు పోతారు. కామెర్లు రకరకాలు, కొన్ని వాటంతట అవే తగ్గుతాయి, ఆ పేరు పసరుకు వస్తుంది. మాత్రలు, తాగుడు కలిసి వచ్చిన కామెర్లకు ఆ మూడు రోజుల పసరు చాలా ఖరీదైన మూడు రోజులు.

ఇది విని "రేపటి నుంచి మొత్తం బంద్" అనే వాళ్ళు కూడా ఉంటారు. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే వణుకు, చెమటలు, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి, మనిషి లేనివి చూస్తాడు, లేని మాటలు వింటాడు. గాలి సోకిందని తాయెత్తు కడతారు. అది ఆల్కహాల్ ఆగినందుకు వచ్చే జబ్బు, దానికి ఆసుపత్రిలో మందు ఉంది. మానాలనుకుంటే డాక్టర్ చూపులో మానండి. 14446 అని కేంద్ర ప్రభుత్వం హెల్ప్‌లైన్ ఉంది, డబ్బు కట్టక్కర్లేదు.

చివరిగా ఒక ప్రశ్న చాలామంది అడుగుతున్నారు: "అన్నా, మాత్రకు, మందుకు మధ్య ఎన్ని గంటలు గ్యాప్ ఇస్తే చాలు?" అందరికీ సరిపోయే గంటల లెక్క లేదు. ఎప్పుడో తాగే వాళ్ళ సంగతి వేరు. రోజూ తాగే మనిషికి ఆ ఎంజైమ్ పెరిగే ఉంటుంది, గంటలు చూసుకున్నంత మాత్రాన అది తగ్గిపోదు. నొప్పి నెలల తరబడి ఉంటే అడగాల్సింది గ్యాప్ గురించి కాదు, ఆ నొప్పి ఎందుకుంది అని. డిస్క్ జారిందా, మోకాలు అరిగిందా, ఎత్తే పద్ధతి మార్చాలా, ఫిజియోథెరపీతో తగ్గుతుందా. ప్రొద్దుటూరులో ఎముకల డాక్టర్ దగ్గర ఒక్కపూట కూర్చుంటే కూలి పోతుందని నాకు తెలుసు. ఆ బండల ఆయన ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉన్నాడు.

బరువు ఎత్తేటప్పుడు నడుము ఎట్ల కాపాడుకోవాలో వచ్చే ఎపిసోడ్‌లో ఒక ఫిజియోథెరపిస్టును కూర్చోబెట్టి మాట్లాడదాం. ఉంటాను.